మనవరాలి నీటిరంగుల చిత్రం అనుకోకుండా చేతికి వస్తే: అందుకోవడం, పటం కట్టించడం, కాపాడుకోవడం

పోయిన వేసవి సెలవులకు మా అమ్మాయి పిల్లలతో కాకినాడ వచ్చి, మూడు వారాలు ఉండి బెంగళూరు తిరిగి వెళ్లిన నాలుగో రోజు సాయంత్రం, మా వీధి చివర ఉండే విశ్రాంత డ్రాయింగు మాస్టారు గుమ్మంలోకి వచ్చి, పాత దినపత్రికలో చుట్టిన ఒక అట్టను నా చేతిలో పెట్టారు. విప్పి చూస్తే మా ఆరేళ్ల మనవరాలు. అరుగు మీద కూర్చుని తాటిముంజె ఒలుచుకుంటూ, ఎవరో పిలిస్తే తలెత్తినట్టుగా ఉంది. చెంప మీద వాళ్లమ్మ పెట్టిన దిష్టిచుక్కతో సహా వేశారు. నేను అడగలేదు, ఆయన వేస్తున్నట్టు మాకెవరికీ తెలియదు.

ఇటువంటి కానుక అందిన గంట నుంచి ఏం చేయాలో, ఏం చేయకూడదో ఇక్కడ వరుసగా చెబుతాను. మా పెద్ద మనవడి చిత్రం ఒకదాన్ని పదేళ్ల క్రితం తెలియనితనం వల్ల పాడుచేసుకున్నాను. ఆ బాధ ఇంకా ఉంది కనుకనే ఈసారి అడిగి తెలుసుకుని, ఒక్కొక్కటీ జాగ్రత్తగా చేశాను. మీకు చిత్రం ఇచ్చినవారు ఇరుగుపొరుగు కావచ్చు, వియ్యాలవారు కావచ్చు, ఫొటో పంపి ఎవరిచేతనో వేయించిన మీ కోడలు కావచ్చు. చేయవలసిన పని మాత్రం ఒక్కటే.

ముందుగా, మీ చేతిలో ఉన్నది ఏమిటో తెలుసుకోండి

నీటిరంగుల చిత్రం తైలవర్ణ చిత్రంలాగా గట్టిపడదు. రంగుపొడిని కాగితానికి పట్టి ఉంచేది తుమ్మ జాతి చెట్ల నుంచి వచ్చే జిగురు, అంటే గమ్ అరబిక్. అది నీటిలో కరుగుతుంది, ఎన్నేళ్లయినా కరుగుతూనే ఉంటుంది. కాబట్టి పాతికేళ్ల తరువాత పడిన నీటిచుక్క కూడా ఈరోజు పడిన చుక్కలాగే రంగును కదిలించి, చుట్టూ ఒక వలయం మిగులుస్తుంది.

రెండవ సంగతి ఇంకా ముఖ్యమైనది. ఈ పద్ధతిలో తెలుపు అనేది చాలావరకు రంగు కాదు, కాగితమే. చిత్రాన్ని కిటికీ వెలుతురులో కాస్త ఏటవాలుగా పట్టుకుని, పాప కంటిని దగ్గరగా చూడండి. నల్లగుడ్డు మీద ఆవగింజలో సగమంత మెరుపు కనిపిస్తుంది. కొందరు దాన్ని చివర్లో తెల్లరంగుతో చుక్కగా పెడతారు. కానీ మాస్టారివంటి పాతకాలపు చేయి అక్కడ కుంచె తాకించకుండా కాగితాన్ని వదిలేస్తుంది. ముందరి పళ్ల తెలుపు, ముక్కు చివరి తళుకు, గౌను అంచున పడిన ఎండ, ఇవన్నీ అలా వదిలేసిన కాగితమే. కాగితం పసుపెక్కితే పాప కంటిలో మెరుపు పోతుంది, మళ్లీ తెచ్చి పెట్టడం ఎవరి తరమూ కాదు. ఇకముందు నేను చెప్పే జాగ్రత్తల్లో సగం ఆ ఆవగింజంత కాగితాన్ని తెల్లగా ఉంచుకోవడం కోసమే.

అందుకునేటప్పుడు

చేతులు కడుక్కుని, పూర్తిగా తుడుచుకుని, రెండు చేతులతో అంచులు మాత్రమే పట్టుకోండి. తలకు కొబ్బరినూనె రాసుకున్న చేతితో పట్టుకుంటే ఆ ముద్ర అప్పటికి కనిపించకపోయినా, కొన్నేళ్లకు పసుపుపచ్చని వేలిగుర్తుగా తేలుతుంది. మనవరాలి ముఖం చూడగానే చెంప మీద చేయి వేయాలని, ముద్దు పెట్టుకోవాలని అనిపిస్తుంది. ఆ ముచ్చటను ఆపుకోవలసిందే, ఎందుకంటే తడి తగిలిన చోట రంగు లేస్తుంది. చిత్రం మీదకు వంగి మాట్లాడవద్దు. మధ్యాహ్నం కాఫీ గ్లాసు పెట్టే బల్ల మీద పరచవద్దు.

పార్సిలులో వచ్చినట్లయితే, ముఖ్యంగా వర్షాకాలంలో, వెంటనే కోయకుండా ఒక రోజు ఆ గదిలోనే ఉంచండి. చల్లని చోటు నుంచి వచ్చిన పెట్టెను మన ఉక్కబోతలో తెరిస్తే లోపల చెమ్మ దిగుతుంది. గొట్టంలో చుట్టి పంపిన కాగితాన్ని బలవంతంగా వెనక్కి వంచి సరిచేయరాదు. రంగు వేసిన ముఖం పైకి ఉండేలా శుభ్రమైన తెల్లకాగితం మీద వదులుగా ఉంచి, దానంతట అది విచ్చుకునే దాకా ఆగి, తరువాత రెండు తెల్లకాగితాల మధ్య, రెండు చదునైన పలకల నడుమ కొన్ని రోజులు అణచి పెడితే చాలు. ఇస్త్రీపెట్టె మాత్రం వద్దు.

దినపత్రికలో చుట్టి ఇచ్చి ఉంటే, ఇచ్చినవారు వెళ్లగానే ఆ కాగితం తీసేయండి. దాని సిరా అంటుకుంటుంది, ఆ కాగితంలోని ఆమ్లం చిత్రానికి పాకుతుంది.

ఇచ్చినవారితో మాట్లాడే తీరు

ఇది పటం కట్టించడం కంటే కష్టమైన పని అని నా అభిప్రాయం. మనవరాలి ముఖం మనకు కంఠతా వచ్చు. అందువల్ల చిత్రంలో రాని గీత ముందు కంటపడుతుంది. ఆరోజు మా ఇంట్లో మొదట వచ్చిన మాట, "ముక్కు వాళ్ల నాన్నది, ఇక్కడ కొంచెం సన్నగా వచ్చిందండీ" అని. మావారు మంచి మనసుతోనే అన్నారు. మాస్టారు "అవునండీ, ఫోనులో ఫొటో కొంచెం పక్క నుంచి ఉంది" అని నెమ్మదిగా అన్నారు గాని, ఆయన చేతులు చిత్రాన్ని వెనక్కి తీసుకోబోయినట్టు కొంచెం ముందుకు వచ్చాయి. ఆ క్షణం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది.

అందుచేత ముందు ఏమీ అనకుండా కాసేపు చూడండి. నిలబడి కాదు, కూర్చుని చూడండి. చూసి, మీకు కనిపించిన ఒక్క ప్రత్యేకమైన సంగతిని చెప్పండి. "చాలా బాగుంది" అన్న మాట ఎవరైనా అంటారు. "పిలిస్తే ఇలాగే ఎడమవైపు తల వంచి చూస్తుంది మాస్టారూ, అది మీరు ఎలా పట్టుకున్నారు?" అని అడిగితే, నెల రోజుల శ్రమకు జవాబు దొరికినట్టు ఆయన మొహం వెలుగుతుంది. పోలిక కుదరనిది ఏదైనా ఉంటే ఆరోజుకు మనసులోనే ఉంచుకోండి. నీటిరంగులలో ఒకసారి ఆరిన ముక్కును చెరిపి మళ్లీ వేయడం సాధారణంగా కుదరదు కాబట్టి, ఆ మాట వల్ల చిత్రానికి మేలు జరగదు, మనిషికి మాత్రం నొప్పి కలుగుతుంది.

"ఎంత అయింది?" అని అడగకండి. అభిమానంతో వేసినదానికి వెల కడితే కానుక కూలి అవుతుంది. అలాగని మన ఇళ్లలో ఎవరినీ వట్టి చేతులతో పంపే ఆనవాయితీ లేదు. ఆయన భార్యకు పసుపు, కుంకుమ, జాకెట్టు ముక్క, పండు ఇచ్చి పంపాను, వారం తరువాత సున్నుండలు చేసి డబ్బా నిండా తీసుకువెళ్లాను. అన్నిటికంటే ఆయనకు నచ్చినది మాత్రం, వీడియో కాల్‌లో పిల్ల ఆ చిత్రాన్ని చూసి "తాతగారూ, నా దిష్టిచుక్క కూడా వేశారే!" అన్న మాట. పిల్లచేత స్వయంగా చెప్పించండి. డబ్బు ఇచ్చి వేయించి ఎవరైనా పంపి ఉంటే, పంపినవారికీ, వేసిన చిత్రకారుడికీ ఇద్దరికీ విడివిడిగా కృతజ్ఞత చెప్పండి. రెండోవారిని సాధారణంగా అందరూ మరచిపోతారు.

మాటల మధ్యలో ఒక ప్రశ్న మాత్రం తప్పక అడగండి: చెంపలకూ పెదవులకూ ఏ ఎరుపు వాడారు? మన పిల్లల చామనఛాయ ముఖాన్ని సాధారణంగా పసుపు, కావి వంటి మట్టిరంగులతో కట్టి, పైన ఎరుపు పలుచగా పూస్తారు. మట్టిరంగులు వెలుతురుకు నిలుస్తాయి. ఎరుపులలో కొన్ని నిలవవు. ట్యూబు మీద పీఆర్83 అని ఉండే అసలు అలిజరిన్ క్రిమ్సన్ పలుచటి పూతలో వెలిసిపోయే రంగు. పీవీ19 వంటి క్వినాక్రిడోన్ ఎరుపులు చాలా మెరుగు. వెలిసేది పైనున్న ఎరుపు ఒక్కటే కాబట్టి, కొన్నేళ్లకు పాప ముఖంలో కావిరంగు మిగిలి, బుగ్గల్లో రక్తం ఇంకిపోయినట్టు అవుతుంది. జవాబు ఏదైనా చిత్రం మీద ప్రేమ తగ్గదు, దాన్ని ఎంత నీడలో ఉంచాలో మాత్రం తెలుస్తుంది.

పటం కట్టించక ముందే నకలు తీయండి

అద్దం వేశాక సరైన ఫొటో రాదు. ఉదయం పూట ఎండ నేరుగా పడని వరండాలో, చిత్రాన్ని చదునుగా పెట్టి, ఫ్లాష్ లేకుండా, సరిగ్గా పైనుంచి ఫొటో తీయండి. స్కాన్ చేయించదలచుకుంటే మూత ఎత్తి పరిచే యంత్రం మీదనే చేయించాలి. కాగితాన్ని లోపలికి లాక్కునే యంత్రంలో ఎట్టి పరిస్థితిలోనూ పెట్టనివ్వకండి.

ఆ ఫొటోతో కప్పులు, క్యాలెండర్లు చేయించి బంధువులకు పంచాలనిపిస్తే ముందు చిత్రకారుడిని అడగండి. మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం, ఆయన తనంతట తాను వేసి ఇచ్చిన చిత్రానికి నకళ్ల హక్కు ఆయనదే. చిత్రం మన గోడ మీద ఉన్నంత మాత్రాన ఆ హక్కు మనకు రాదు. డబ్బు ఇచ్చి వేయించిన రూపచిత్రమైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, వేయించినవారికే మొదటి హక్కు ఉంటుంది. అదేవిధంగా పిల్ల ముఖాన్ని అందరూ చూసే చోట పెట్టే ముందు ఆమె తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. తాతామామ్మలమైనా అడగవలసిందే.

పటం కట్టించడం

మా పెద్ద మనవడి చిత్రం పాడైనది ఇక్కడే. పటాలు కట్టే దుకాణంలో ఇచ్చి, సాయంత్రం వచ్చి తీసుకుంటానని వెళ్లిపోయాను. అతను కాగితం వెనక అంతటా జిగురు రాసి హార్డ్‌బోర్డుకు అతికించి, పైన నేరుగా అద్దం బిగించాడు. చూడటానికి చక్కగా, ముడత లేకుండా ఉంది. మూడు వానాకాలాలు గడిచేసరికి నుదుటి మీద తుప్పురంగు చుక్కలు వచ్చాయి, గడ్డం దగ్గర కాగితం అద్దానికి అంటుకుపోయింది. విడదీయబోతే రంగు అద్దంతో వచ్చేసింది. అతనికి తెలిసిన పద్ధతిలో అతను చేశాడు. నేను ముందుగా చెప్పి, దగ్గర నిలబడి చేయించుకోవలసింది.

మీరు దుకాణానికి వెళ్లినప్పుడు ఈ మాటలు స్పష్టంగా చెప్పండి. చిత్రం అద్దానికి తగలకూడదు. అందుకోసం కిటికీలాగా మధ్యలో కోసిన మందపాటి అట్ట, అంటే మౌంటు, చిత్రానికి అద్దానికి నడుమ ఉండాలి. రెండు మిల్లీమీటర్ల మందమైనా ఉంటే మంచిది. ఆ అట్ట, చిత్రం వెనక ఉండే అట్ట, రెండూ ఆమ్లరహితమైనవి కావాలి. దుకాణదారులు దీన్ని 'యాసిడ్ ఫ్రీ బోర్డు' అంటారు. మామూలు అట్టను కోసిన ఏటవాలు అంచు కొన్నేళ్లకు గోధుమరంగుకు తిరిగి, ఆ రంగు చిత్రం అంచులకు ఎక్కుతుంది. హార్డ్‌బోర్డు గట్టితనం కోసం కావాలంటే అన్నిటికన్నా వెనక ఉండనివ్వండి, చిత్రానికి మాత్రం తగలనివ్వకండి.

చిత్రాన్ని వెనక అట్టకు నిలిపే పద్ధతి మరీ ముఖ్యం. ఫెవికాల్ వద్దు, సెల్లో టేపు వద్దు, రెండువైపులా అంటుకునే టేపు అసలే వద్దు. పలుచని జపాను కాగితపు ముక్కలను గోధుమ గంజితో పైఅంచున రెండుచోట్ల మాత్రమే అంటించి, చిత్రం వేలాడేటట్టు చేయడం పరిరక్షకులు పాటించే పద్ధతి. కాగితం తేమకు సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. నాలుగువైపులా బిగిస్తే అలలు తేలుతుంది. మీ ఊళ్లో జపాను కాగితం దొరకకపోతే, ఆమ్లరహిత కాగితాన్ని మడిచి ఆల్బమ్ ఫొటోలకు పెట్టినట్టు నాలుగు మూలలకు తొడుగులు చేయించండి. చిన్న చిత్రానికి అది సరిపోతుంది, పైగా చిత్రానికి జిగురు తగలనే తగలదు. చిత్రకారుడి సంతకం కనిపించేలా మౌంటు కోయించండి. అంచులు ఎక్కువగా ఉన్నాయని కాగితాన్ని కత్తిరించనివ్వకండి.

లామినేషన్ చేయిస్తే శాశ్వతంగా ఉంటుందని చాలామంది సలహా ఇస్తారు. ఆ వేడికీ జిగురుకూ ఒకసారి లోనైన చిత్రం ఇక బయటకు రాదు. వారి మాట వినవద్దు.

అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం లేదా యాక్రిలిక్ పలక పెద్ద ఊళ్లలో దొరుకుతుంది, ధర ఎక్కువ. కొనగలిగితే మంచిదే, కానీ అది ఉన్నదని ఎండలో వేలాడదీయకూడదు, మామూలు వెలుతురు వల్ల కూడా రంగు వెలుస్తుంది.

ఎక్కడ వేలాడదీయాలి

ఎడిన్‌బరోలోని స్కాట్లండ్ జాతీయ చిత్రశాలకు హెన్రీ వాన్ అనే సేకర్త వీలునామా ద్వారా 1900లో అందిన, ఆంగ్ల చిత్రకారుడు టర్నర్ వేసిన నీటిరంగుల చిత్రాలు 38 ఉన్నాయి. వాటిని ఏడాదిలో జనవరి నెలలో మాత్రమే ప్రదర్శించాలని ఆయన షరతు పెట్టాడు, ఎందుకంటే అక్కడ ఆ నెలలో పగటి వెలుతురు చాలా తక్కువ. నూరేళ్లు దాటిన తరువాత కూడా ఆ రంగులు తాజాగా ఉండటానికి ఆ షరతే కారణం. మన ఊళ్లలో పుష్యమాసంలో కూడా ఎండ బాగా కాస్తుంది కనుక, మనం నెలను కాదు, గోడను ఎంచుకోవాలి.

ప్రదర్శనశాలలు నీటిరంగులకు దాదాపు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురును పరిమితిగా పెట్టుకుంటాయి. పగలు కిటికీ పక్కన వెలుతురు వేల లక్స్‌లలో ఉంటుంది. కాబట్టి హాలులో గుమ్మానికి ఎదురుగా, వచ్చినవారందరికీ కనిపించే గోడే చిత్రానికి అన్నిటికన్నా చెడ్డ చోటు. అక్కడ నకలు పెట్టండి. అసలుది లోపలి గదిలో, కిటికీ ఉన్న గోడకే, అంటే వెలుతురు ఎదురుగా పడని చోట, లేదా నడవాలో వేలాడదీయండి. వానజల్లు కొట్టే బయటి గోడ, స్నానాలగదిని ఆనుకున్న గోడ, వంటింటి దరి పనికిరావు. పూజగది దగ్గర కూడా వద్దు. దీపపు మసి, సాంబ్రాణి పొగ పటం సందుల్లోంచి లోపలికి పోతాయి.

మన ఇళ్లలో పటాలను తల ఎత్తి చూసేంత ఎత్తున కట్టడం అలవాటు. దేవుడి పటాలకు అది సరే. పిల్ల ముఖం మన ముఖానికి ఎదురుగా ఉండాలి. నేల నుంచి చిత్రం మధ్యభాగానికి 145 నుంచి 150 సెంటీమీటర్లు ఉంటే నిలబడినవారికి సరిపోతుంది. మీరు ఎక్కువగా కుర్చీలో కూర్చుని చూసేవారైతే ఇంకా దించండి. పటం కింది మూలల వెనక రెండు రబ్బరు బిళ్లలు అతికిస్తే గోడకూ పటానికీ నడుమ గాలి ఆడుతుంది.

బతికున్న పిల్లల పటానికి దండ వేయరని వేరే చెప్పనక్కరలేదు, కానీ దిష్టి గురించి ఇంట్లో పెద్దవారు బెంగపడితే ఆ మాటను తేలిగ్గా తీసేయకండి. కాటుక, కుంకుమ చిత్రానికి మాత్రం తగలకూడదు. పటం చెక్క మీద కింది అంచున చిన్న చుక్క పెట్టుకోమనండి. మా అత్తగారు అలాగే పెట్టుకున్నారు.

ఏటేటా చూసుకోవలసినది

గాలిలో తేమ 65 శాతం దాటి కొన్నాళ్లు నిలిస్తే కాగితానికి బూజు పడుతుంది. కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీరపు ఊళ్లలో అటువంటి రోజులు చాలా ఉంటాయి. తొలకరికి ముందు ఒకసారి, కార్తీకంలో వానలు వెనకబడ్డాక ఒకసారి పటాన్ని దించి, వెనకవైపు చూడండి. వెండిరంగు పురుగులు కాగితానికి పట్టించిన గంజిని, జిగురును తింటాయి. సన్నని పొడిగానీ, గీరినట్టున్న గుర్తులుగానీ కనిపిస్తే పటాన్ని పొడిగదికి మార్చి, విప్పించి చూడాలి. బూజు కనిపిస్తే గుడ్డతో తుడవకండి, ఎండలో పెట్టకండి. పొడిగా, గాలి ఆడే చోట ఉంచి, కాగితం పరిరక్షకుడికి చూపించండి. కళా వారసత్వాన్ని కాపాడే ఇంటాక్ సంస్థకు బెంగళూరు వంటి నగరాల్లో ఇటువంటి పని చేసే కేంద్రాలు ఉన్నాయి.

అద్దం తుడిచేటప్పుడు ద్రావణాన్ని నేరుగా అద్దం మీద చల్లితే అది కిందికి జారి పటం అంచులోంచి చిత్రానికి చేరుతుంది. గుడ్డ మీద చల్లుకుని, గుడ్డతో తుడవండి.

చివరగా, వెనక రాసిపెట్టండి

దామెర్ల రామారావు 1897లో పుట్టి 1925లోనే పోయినా, ఆయన చిత్రాలు రాజమహేంద్రవరంలో ఆయన పేరిట ఉన్న చిత్రశాలలో నిలిచి ఉన్నాయి. కాగితం మీది రంగు మనిషి కంటే ఎక్కువ కాలం బతకగలదు. అప్పటికి ఈ పిల్ల ఎవరో చెప్పడానికి మనం ఉండం. అందుకని వెనక అట్ట మీద, పెన్నుతో కాకుండా మెత్తని పెన్సిలుతో, పిల్ల పేరు, వయసు, ఊరు, నెల, సంవత్సరం, వేసినవారి పేరు, ఆయన చెప్పిన రంగుల పేర్లు రాయండి. చిత్రం ఉన్న కాగితం వెనక రాయకండి, నొక్కు ముందుకు తేలుతుంది.

మా పటానికి వెనక అట్ట బిగించే ముందు ఆ పని నేను చేయలేదు. దసరా సెలవులకు పిల్ల వచ్చేదాకా ఆగాను. మాస్టారు పక్కన కూర్చుని పెన్సిలు చెక్కి ఇస్తే, తన పేరూ, ఆయన పేరూ, "తాటిముంజె తింటున్నాను" అన్న మాటా తానే గుండ్రంగా రాసింది. 'ముంజె'లో సున్నా మరచిపోతే మాస్టారు దిద్దనివ్వలేదు.